మాల్కమ్ లేకుండా మాల్కమ్ సౌండ్: ఏసీ/డీసీ పాత దారికి ఎలా తిరిగొచ్చింది?

ఐరన్ మ్యాన్ మొదటి సినిమా ఫస్ట్ సీన్ గుర్తుందా? 2008లో వచ్చింది కదా, అదే. ఎడారిలో మిలిటరీ బండ్లు వెళ్తుంటాయి. ఒక బండిలో టోనీ స్టార్క్ చేతిలో గ్లాసు పట్టుకుని దర్జాగా కూర్చుంటాడు. వెనకాల ఒక గిటార్ మోగుతుంటుంది. ఒక దెబ్బ, గ్యాప్. మూడు దెబ్బలు, మళ్లీ గ్యాప్. పాట పేరు తెలియకపోయినా తల ఊగడం మాత్రం ఆగదు.

ఆ పాట 'బ్యాక్ ఇన్ బ్లాక్'. బ్యాండ్ పేరు ఏసీ/డీసీ. పాట వచ్చింది 1980లో. అంటే ఇప్పుడు ఈ వీడియో చూస్తున్న మీలో చాలామంది అప్పటికి పుట్టలేదు, కొంతమందికి అమ్మానాన్నలు కూడా చిన్నపిల్లలే.

ఇదే బ్యాండ్ 2020 నవంబర్‌లో 'పవర్ అప్' అని ఒక ఆల్బమ్ రిలీజ్ చేసింది. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, మూడు చోట్లా నంబర్ వన్. విన్నవాళ్లందరూ దాదాపు ఒకటే మాట అన్నారు: పాత ఏసీ/డీసీ మళ్లీ వచ్చింది అని.

ట్విస్ట్ ఇక్కడే ఉంది. ఆ పాత సౌండ్‌కి అసలు కారణమైన మనిషి మాల్కమ్ యంగ్. ఆయన 2017లోనే చనిపోయాడు. మరి మనిషి లేకుండా ఆయన సౌండ్ ఎలా తిరిగొచ్చింది? అది నిజంగా తిరిగి రావడమేనా, లేక పాత పేరు మీద వ్యాపారమా? ఈ ఎపిసోడ్ దాని గురించే.

కుట్టు మిషన్ మీద దొరికిన పేరు

ముందు కథ కొంచెం. యంగ్ వాళ్లది స్కాట్లాండ్‌లోని గ్లాస్గో. పెద్ద కుటుంబం, ఎనిమిది మంది పిల్లలు. 1963లో ఆ కుటుంబంలో చాలామంది ఆస్ట్రేలియాకి వలస వెళ్లారు. అక్కడ పెద్దన్నల్లో ఒకడైన జార్జ్ 'ది ఈజీబీట్స్' అనే బ్యాండ్‌తో స్టార్ అయ్యాడు. ఆయన్ని చూసి తమ్ముళ్లు మాల్కమ్, యాంగస్ గిటార్లు పట్టారు. 1973లో సిడ్నీలో సొంత బ్యాండ్ మొదలైంది.

పేరు ఎక్కడి నుంచి వచ్చిందంటే, వాళ్ల అక్క మార్గరెట్ ఒక కుట్టు మిషన్ మీద 'ఏసీ/డీసీ' అని రాసి ఉండటం చూసింది. మనం ఫిజిక్స్‌లో చదువుకున్నదే: ఆల్టర్నేటింగ్ కరెంట్, డైరెక్ట్ కరెంట్. ఈ పేరు బాగుంది, కరెంట్ ఉంది ఇందులో అనుకున్నారు. యాంగస్ స్టేజ్ మీద స్కూల్ యూనిఫామ్ వేసుకోవడం కూడా అక్క ఇచ్చిన ఐడియానే. డెబ్బైకి దగ్గరపడ్డాక కూడా ఆయన అదే నిక్కరు, అదే టై వేసుకుని స్టేజ్ ఎక్కాడు.

అందరి కళ్లూ యాంగస్ మీదే. స్టేజ్ అంతా పరిగెత్తేది ఆయన, సోలోలు వాయించేది ఆయన. మాల్కమ్ మాత్రం వెనకాల ఆంప్‌ల పక్కన నిలబడి రిథమ్ గిటార్ వాయిస్తూ ఉంటాడు. పాటలో తన వంతు కోరస్ వస్తే మైక్ దగ్గరికి వస్తాడు, పాడతాడు, మళ్లీ వెనక్కి వెళ్లిపోతాడు. కానీ బండి ఎంత మెరిసినా ఇంజిన్ బానెట్ కింద ఉంటుంది కదా. ఆ ఇంజిన్ మాల్కమ్.

అసలు ఆ సౌండ్‌లో ఏముంది?

ఒక చిన్న ప్రయోగం చేయండి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని 'బ్యాక్ ఇన్ బ్లాక్' గానీ 'హైవే టు హెల్' గానీ ప్లే చేయండి. వాల్యూమ్ మామూలుగానే ఉంచండి, దాని సంగతి చివర్లో మాట్లాడదాం. ఇప్పుడు ఒక చెవిది తీసేయండి. కాసేపయ్యాక అది పెట్టుకుని రెండోది తీయండి. వాళ్ల పాటల్లో ఎక్కువ వాటిలో ఒక గిటార్ ఒక చెవిలో, రెండోది ఇంకో చెవిలో ఉంటుంది. ఒక వైపు మాల్కమ్, ఒక వైపు యాంగస్. ఇద్దరూ దాదాపు ఒకే రిఫ్ వాయిస్తుంటారు. రిఫ్ అంటే పాటంతా తిరిగి తిరిగి వచ్చే చిన్న గిటార్ ముక్క. కానీ ఇద్దరి చేతి బరువు వేరు. ఆ చిన్న తేడా వల్లే సౌండ్ అంత వెడల్పుగా, గోడలాగా నిలబడుతుంది.

రెండోది, గెయిన్. ఆంప్‌లో గిటార్ సౌండ్ ఎంత గరగరలాడాలో చూసుకునే నాబ్ అది. హార్డ్ రాక్ అంటే ఆ నాబ్ చివరిదాకా తిప్పేయాలి అనుకుంటాం. మాల్కమ్ దానికి ఉల్టా. గెయిన్ తక్కువ పెట్టి, చేత్తో గట్టిగా కొడతాడు. తీగలు కూడా మందమైనవి వేసుకునేవాడు. గిటార్ మీద పెయింట్ కూడా గీకించేశాడు, పికప్‌లు పీకేసి బ్రిడ్జ్ దగ్గర ఉన్న ఒక్కదాన్నే ఉంచుకున్నాడు. అక్కర్లేనిది ఏదీ ఉండకూడదు, అదీ లెక్క. దీనివల్ల ఏమవుతుందంటే, గరగర తక్కువ కాబట్టి కార్డ్‌లో ప్రతి తీగా విడిగా వినిపిస్తుంది. తప్పు కొడితే దాక్కోవడానికి చోటు ఉండదు.

మూడోది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది: గ్యాప్. మన తీన్మార్ డప్పు గుర్తు తెచ్చుకోండి. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఒక చిన్న ఆగడం ఉంటుంది చూడండి, కాలు లేచేది అక్కడే. దెబ్బలన్నీ ఖాళీ లేకుండా పడితే అది మోత అవుతుంది గానీ డాన్స్ అవ్వదు. 'బ్యాక్ ఇన్ బ్లాక్' రిఫ్‌లో కూడా అంతే. గిటార్ ఆగిన చోట డ్రమ్మర్ ఫిల్ రడ్ టైమ్ పట్టుకుని ఉంటాడు. ఫిల్ రడ్ అనవసరంగా ఒక్క దెబ్బ ఎక్కువ కొట్టడు. బేస్ గిటార్ క్లిఫ్ విలియమ్స్ కూడా అంతే, ఒకే నోట్ పట్టుకుని నడిపిస్తూ ఉంటాడు. వినడానికి చాలా ఈజీ అనిపిస్తుంది. గిటార్ నేర్చుకునే పిల్లలు వారం రోజుల్లో ఆ రిఫ్ పట్టేస్తారు. కానీ అదే ఫీల్‌తో నాలుగు నిమిషాలు వాయించమనండి, అప్పుడు తెలుస్తుంది.

అందుకే "వీళ్ల ఆల్బమ్‌లన్నీ ఒకేలా ఉంటాయి" అనే జోకు నాకు సగమే నిజం అనిపిస్తుంది. ఒకేలా ఉంటాయి, కరెక్టే. కానీ ఒకేలా ఉంచడం ఎంత కష్టమో చూద్దాం.

ఒకసారి చావు దాటి వచ్చారు, తర్వాత దారి తప్పారు

1980 ఫిబ్రవరిలో సింగర్ బాన్ స్కాట్ లండన్‌లో చనిపోయాడు. వయసు 33. అప్పుడప్పుడే 'హైవే టు హెల్'తో బ్యాండ్ పెద్దదవుతోంది. అందరూ ఇక అయిపోయింది అనుకున్నారు. కానీ ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ ప్రాంతం నుంచి బ్రయాన్ జాన్సన్ అనే కొత్త సింగర్‌ని తీసుకుని, ఐదు నెలల్లో 'బ్యాక్ ఇన్ బ్లాక్' ఆల్బమ్ తెచ్చారు. కవర్ మొత్తం నలుపు, బాన్ స్కాట్ సంతాపంగా. మొదటి పాట గంట మోగడంతో మొదలవుతుంది. ప్రపంచంలో ఇప్పటిదాకా ఎక్కువగా అమ్ముడైన ఆల్బమ్‌లలో అది ఒకటి. ఒక్క అమెరికాలోనే రెండున్నర కోట్లకి పైగా లెక్క ఉంది.

ఇంత పెద్ద హిట్ తర్వాత ఏం చేయాలి? వాళ్లు ఇంకా సింపుల్‌గా, ఇంకా పచ్చిగా వెళ్దాం అనుకున్నారు. నిర్మాత మట్ లాంగ్‌ని పక్కన పెట్టి 1983లో 'ఫ్లిక్ ఆఫ్ ది స్విచ్' తామే ప్రొడ్యూస్ చేసుకున్నారు. ఆ టైమ్‌లోనే ఫిల్ రడ్ బ్యాండ్ వదిలి వెళ్లాడు. 1985లో 'ఫ్లై ఆన్ ది వాల్' వచ్చింది. అమ్మకాలు పడిపోయాయి. గిటార్లు అవే, ఆంప్‌లు అవే, వాయించే అన్నదమ్ములూ వాళ్లే. అయినా ఏదో తగ్గింది.

ఇది గమనించండి, ఇది ముఖ్యం. పాత సౌండ్ అంటే పాత సామాన్లు కాదు. మంచి పాట ఉండాలి, గ్యాప్ ఉండాలి, ఆ గ్యాప్‌ని పట్టుకునే మనుషులు ఉండాలి. మూడిట్లో ఏది తగ్గినా మిగిలేది మోతే.

తర్వాత మెల్లగా సర్దుకున్నారు. 1990లో 'ది రేజర్స్ ఎడ్జ్', మీరు రీల్స్‌లో వినే 'థండర్‌స్ట్రక్' అందులోదే. 1994లో ఫిల్ రడ్ మళ్లీ వచ్చాడు. 2000లో అన్న జార్జే వచ్చి 'స్టిఫ్ అప్పర్ లిప్' ప్రొడ్యూస్ చేశాడు. తర్వాత ఎనిమిదేళ్లు గ్యాప్. 2008లో నిర్మాత బ్రెండన్ ఓబ్రయన్‌తో 'బ్లాక్ ఐస్' వస్తే 29 దేశాల్లో నంబర్ వన్ అయింది.

మధ్యలో మీలాంటి ఫోన్ జనానికి పనికొచ్చే ఒక విషయం. ఏసీ/డీసీ పాటలు 2012 నవంబర్ దాకా ఐట్యూన్స్‌లో లేవు. స్ట్రీమింగ్‌లోకి 2015లో గానీ రాలేదు. కారణం ఏంటంటే, ఆల్బమ్‌ని ముక్కలు చేసి పాట పాట అమ్మడం వాళ్లకి ఇష్టం లేదు. మొండితనం అనుకోవచ్చు. కానీ సౌండ్ విషయంలో ఉన్న మొండితనమే ఇక్కడ కూడా కనిపిస్తుంది.

రెండు మూడేళ్లలో అంతా కూలిపోయింది

'బ్లాక్ ఐస్' టూర్ 2010 దాకా నడిచింది. బయటికి అంతా సూపర్. లోపల మాత్రం ఒక విషయం దాచిపెట్టుకుని నడుస్తున్నారు. మాల్కమ్‌కి మతిమరుపు మొదలైంది. డిమెన్షియా. తర్వాత యాంగస్ చెప్పాడు, ఆ టూర్‌లో మాల్కమ్ షోకి ముందు కూర్చుని పాటలు మళ్లీ నేర్చుకునేవాడట. ఆగండి ఒక్క సెకను. ఆ రిఫ్‌లు ఎవరివి? ఆయనవే. తన చేత్తో పుట్టించిన వాటిని తనే మళ్లీ నేర్చుకుని, స్టేజ్ ఎక్కి, వేలమంది ముందు వాయించి దిగేవాడు. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే బరువైన విషయం ఇదే.

2014లో మాల్కమ్ బ్యాండ్ నుంచి తప్పుకున్నాడు. అదే ఏడాది ఫిల్ రడ్ న్యూజిలాండ్‌లో కోర్టు కేసులో ఇరుక్కుని టూర్‌కి దూరమయ్యాడు. 2016లో డాక్టర్లు బ్రయాన్ జాన్సన్‌కి చెప్పారు, ఇప్పుడే ఆపకపోతే వినికిడి పూర్తిగా పోతుందని. మిగిలిన షోలు గన్స్ ఎన్ రోజెస్ సింగర్ ఆక్సల్ రోజ్ పాడాడు. టూర్ అయిపోగానే క్లిఫ్ విలియమ్స్ రిటైర్ అవుతున్నానన్నాడు. 2017 అక్టోబర్‌లో అన్న జార్జ్ పోయాడు. నెల తిరగకుండా, నవంబర్ 18న మాల్కమ్ పోయాడు. 64 ఏళ్లు.

లెక్క చూడండి. ఐదుగురిలో మిగిలింది యాంగస్ ఒక్కడు.

డబ్బాల్లో దాగిన రిఫ్‌లు

ఇప్పుడు మన ప్రశ్నకి వద్దాం.

యాంగస్, మాల్కమ్‌లకి చిన్నప్పటి నుంచి ఒక అలవాటు. ఇద్దరూ కూర్చుని గిటార్ వాయిస్తారు, ఏదైనా బాగుందనిపిస్తే రికార్డ్ చేసి పెట్టేస్తారు. పాట పూర్తి కావాలని లేదు. ఒక రిఫ్, ఒక కోరస్ ముక్క, అంతే. ముఖ్యంగా 'బ్లాక్ ఐస్'కి ముందు చాలా రాశారు, అందులో వాడినవి కొన్నే. మిగిలినవన్నీ డబ్బాల్లో ఉండిపోయాయి. అన్న పోయాక యాంగస్ కూర్చుని అవన్నీ విన్నాడు. ఏవి పాటలుగా నిలబడతాయో ఏరాడు.

మనం కూడా చేస్తాం కదా ఇది. ఇంట్లో ఎవరైనా పోయాక వాళ్ల పాత వాయిస్ మెసేజ్‌లు ఫోన్‌లో ఉంటాయి. డిలీట్ చేయలేం, వినలేం. యాంగస్ విన్నాడు. విని, పని మొదలుపెట్టాడు.

2018 ఆగస్టులో కెనడాలోని వాంకూవర్‌లో ఒక స్టూడియో బయట బ్రయాన్, ఫిల్ రడ్ కలిసి కనిపించిన ఫొటోలు బయటికొచ్చాయి. ఫ్యాన్స్ షాక్. రిటైర్ అయిన క్లిఫ్ కూడా వచ్చాడు. ప్రొడ్యూసర్ మళ్లీ బ్రెండన్ ఓబ్రయన్. మాల్కమ్ చోట్లో నిలబడింది స్టీవీ యంగ్. వీళ్ల పెద్దన్న కొడుకు. మాల్కమ్, యాంగస్ స్టీవీకి వరసకి బాబాయిలు. కానీ వయసులో యాంగస్ కంటే రెండేళ్లు కూడా చిన్న కాదు. 1988లో మాల్కమ్ తాగుడు మానడానికి కొంతకాలం టూర్ మానేస్తే, అప్పుడు కూడా ఆ చోట్లో వాయించింది స్టీవీయే. అంటే బయట నుంచి తెచ్చిన మనిషి కాదు, అదే ఇంట్లో అదే వాయింపు వింటూ పెరిగిన చెయ్యి.

కరోనా వల్ల రిలీజ్ లేటై, 2020 నవంబర్ 13న 'పవర్ అప్' వచ్చింది. 12 పాటలు, మొత్తం 41 నిమిషాలు. ప్రతి పాట కింద రైటర్స్ పేర్లు రెండే: యాంగస్ యంగ్, మాల్కమ్ యంగ్. 'బ్యాక్ ఇన్ బ్లాక్' బాన్ స్కాట్ కోసమైతే, ఇది మాల్కమ్ కోసం అని యాంగస్ ఇంటర్వ్యూల్లో చెప్పాడు.

వినాలనుకుంటే మూడు పాటలు చెప్తాను. 'షాట్ ఇన్ ది డార్క్': ఇందాక చెప్పిన గ్యాప్ ఎక్కడ పడుతుందో గమనించండి. 'డీమన్ ఫైర్': స్పీడ్ పాట, అయినా డ్రమ్మర్ ఎక్కడా తొందరపడడు. 'త్రూ ది మిస్ట్స్ ఆఫ్ టైమ్': ఇది కొంచెం వేరు, కోరస్‌లో ఒక బెంగ ఉంటుంది. ఏసీ/డీసీ పాటలో బెంగ ఉండటం చాలా అరుదు.

మరి ఇది నిజమైన రిటర్నేనా?

నిజాయితీగా చెప్తాను. 'పవర్ అప్' ఇంకో 'బ్యాక్ ఇన్ బ్లాక్' కాదు. కొన్ని పాటలు వింటుంటే బాగానే ఉంటాయి, మర్నాటికి గుర్తుండవు. స్టీవీ చాలా బాగా వాయించాడు, కానీ మాల్కమ్ చేతి బరువు అచ్చంగా ఇంకొకరికి రాదు. అన్న పోయినా ఆయన పేరుతో డబ్బు చేసుకుంటున్నారు అనేవాళ్లు కూడా ఉన్నారు. ఆ మాటని కొట్టిపారేయలేం. పాత పేరుతో టికెట్లు అమ్ముకునే బ్యాండ్‌లు నిజంగానే చాలా ఉన్నాయి.

కానీ నాకు ఒక తేడా కనిపిస్తుంది. పాతదాన్ని కాపీ కొట్టడం వేరు, పాత పద్ధతిలో కొత్త పని చేయడం వేరు. మీ అమ్మమ్మ చేసిన ఆవకాయ జాడీ ఖాళీ అయింది అనుకోండి. ఆ జాడీ ఫొటో పెట్టుకుని చూస్తే కూర రాదు. ఆ కొలతతో, ఆ ఓపికతో మళ్లీ కలపాలి. అమ్మ కలిపితే అచ్చంగా అమ్మమ్మది కాదు. కానీ ఆ ఇంటిదే. 1983లో వీళ్ల దగ్గర పాత సామాన్లు ఉన్నాయి, ఊపు తగ్గింది. 2018లో మనిషే లేడు, కానీ ఆయన రాసిన రిఫ్‌లు ఉన్నాయి, ఆయన పద్ధతి తెలిసిన చేతులు ఉన్నాయి. అందుకే నా మాట ఏంటంటే, ఇది రిటర్నే. తిరిగొచ్చింది మాల్కమ్ కాదు, మాల్కమ్ నేర్పిన పని.

మ్యూజిక్ చేసేవాళ్లు, ఎడిటింగ్ చేసేవాళ్లు, రాసేవాళ్లు ఈ వీడియో చూస్తుంటే ఒక మాట. "కొత్తగా ఏదైనా చేయి" అని అందరూ అంటారు. మంచిదే. కానీ ఒక్క పనిని నలభై ఏళ్లు పాడు చేయకుండా కాపాడటం కూడా పనే. స్టీవీలాంటివాళ్ల పేర్లు పోస్టర్ మీద పెద్దగా ఉండవు, అయినా ఆ గోడ నిలబడింది వాళ్ల వల్లే.

చివరిగా, ఆ వాల్యూమ్ సంగతి

బ్రయాన్ జాన్సన్ చెవులు ఏమయ్యాయి? స్టేజ్ సౌండ్ కంటే రేస్ కార్ల మోతే తన చెవిని ఎక్కువ దెబ్బతీసిందని ఆయనే చెప్పాడు. ఆయనకి కార్ల రేసింగ్ పిచ్చి. తర్వాత స్టీఫెన్ ఆంబ్రోస్ అనే ఇన్-ఇయర్ సౌండ్ నిపుణుడు ఆయన కోసం ప్రత్యేకంగా ఒక పరికరం తయారుచేశాడు. అది పెట్టుకుని 2023 అక్టోబర్‌లో కాలిఫోర్నియాలో 'పవర్ ట్రిప్' ఫెస్టివల్‌లో బ్రయాన్ మళ్లీ పాడాడు. బ్యాండ్‌కి ఏడేళ్ల తర్వాత అది మొదటి షో. ఆయన వయసు అప్పటికి 76.

ఆయనకి ఆ అవకాశం దొరికింది. మనలో చాలామందికి దొరకదు. పెద్దవాళ్లకి వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్ దాటకుండా వినడం సేఫ్ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మీ ఫోన్ సెట్టింగ్స్‌లో చాలావరకు వాల్యూమ్ లిమిట్ ఆప్షన్ ఉంటుంది, ఈరోజే ఆన్ చేయండి. మాల్కమ్ గెయిన్ తక్కువ పెట్టి ప్రపంచాన్ని ఊపాడు. పవర్ అంటే మోత కాదని ఆయన కంటే బాగా ఎవరు చెప్తారు?

ఇప్పుడు వెళ్లి ఆ ఇయర్‌ఫోన్ ప్రయోగం చేయండి. ఒక చెవిలో తమ్ముడు, ఒక చెవిలో అన్న. రెండూ పెట్టుకుంటే ఇద్దరూ పక్కపక్కనే ఉంటారు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.